ప్రయాణాల్లో గిటార్‌కు తోడు: చిన్న యాంప్‌ను నేను ఎంచుకున్న విధం

ఆసుపత్రుల ప్రయోగశాలల్లో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం నాది. శ్రీకాకుళంలోనో ఒంగోలులోనో ఆదిలాబాదులోనో రక్తపరీక్షల యంత్రం మొరాయించిందని కబురు వస్తే ఆ రాత్రి బండికే బయలుదేరాలి. పని ఒక్కపూటలో తేలిపోవచ్చు, విడిభాగం వచ్చేదాకా లాడ్జిలో కాచుకుని కూర్చోవలసి రావచ్చు. ఆ సాయంత్రాల కోసమే గిటార్‌ను వెంట తీసుకువెళ్లడం మొదలుపెట్టాను. దానికి తగిన యాంప్‌ను, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెను, వెతికి పట్టుకోవడానికి మాత్రం చాలాకాలమే పట్టింది. జానెడు వెడల్పున్న పెట్టెకు ఇంత ఆలోచన ఎందుకని అడిగినవాళ్లున్నారు. రోజంతా పనిచేసి వచ్చాక నాకు దక్కే గంటసేపు సంగీతం ఆ పెట్టెలోంచే రావాలి, అందుకు.

నేను వాయించేది కర్ణాటక సంగీతం, అదీ ఎలక్ట్రిక్ గిటార్ మీద. మా పశ్చిమ గోదావరి వాళ్లకు ఇందులో వింత ఏమీ కనబడదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కీర్తనలు వాయించి విద్వాంసులందరినీ మెప్పించారు. మామూలు మాండలిన్ తీగ మీటగానే మోగి వెంటనే అణిగిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి. తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్, దానికి తోడు యాంప్ ఉంటే తీగ కదలిక సన్నబడుతున్నా స్వరం చెవికి అందుతూనే ఉంటుంది, ఆ కాస్త సమయంలోనే దాన్ని ఊపాలి, జార్చాలి. గిటార్‌కూ అంతే. కాబట్టి యాంప్ నా వాద్యంలో సగం. అది లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తే తీగ మీద వేలు రాసుకునే చప్పుడు వినబడుతుంది తప్ప, గాంధారం మీద కంపితం, అంటే స్వరం ఊపు, ఎక్కడిదాకా వెళ్లి తిరిగిందో తెలియదు. పైగా వినబడటం లేదని చేయి తనంతట తానే గట్టిగా మీటడం మొదలుపెడుతుంది. సాధన చేసేవాళ్లకు అంతకు మించిన చెడ్డ అలవాటు లేదు.

నాకు కావలసినవి ముందే నిర్ణయించుకున్నాను. భుజాన గిటార్, ఒక చేతిలో పనిముట్ల పెట్టె, రెండో చేతిలో బట్టల సంచి ఉంటాయి కాబట్టి యాంప్ ఆ సంచిలోనే ఇమడాలి, బరువు రెండు కిలోలు దాటకూడదు. కరెంటు లేకపోయినా పనిచేయాలి. ఫోనులోని తంబూర శ్రుతి కూడా దాని స్పీకర్‌లోంచే రావాలి. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుండాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: పక్కగదిలో మనిషి నిద్ర చెడకుండా బాగా తగ్గించి పెట్టినప్పుడు కూడా స్వరం నిండుగా, స్పష్టంగా ఉండాలి. దుకాణాల్లో నేను చూసిన వాటిలో చాలా పెట్టెలు ఈ చివరి షరతు దగ్గరే ఆగిపోయాయి.

మొదట అందరూ ఇచ్చే సలహా, బ్లూటూత్ స్పీకర్ ఉంది కదా, దానికే కలుపుకోమని. పాటలు వినడానికి బ్లూటూత్ బాగానే ఉంటుంది, వాయించడానికి పనికిరాదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చేరడానికి సెకనులో పదోవంతు నుంచి అయిదోవంతు దాకా ఆలస్యం అవుతుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. ఆ లెక్కన 150 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే నా గిటార్ శబ్దం 50 మీటర్ల అవతల నుంచి నాకు వినబడినట్టు. ఆదితాళం రెండో కాలంలో స్వరకల్పన చేస్తున్నప్పుడు ఈ ఆలస్యం ఉంటే వేలు ఒక దెబ్బలో, చెవి మరో దెబ్బలో ఉంటాయి.

ఇక ఫోనుకు తీగతో కలిపే పద్ధతి. దీనికి మధ్యలో గిటార్ సంకేతాన్ని ఫోనుకు అందించే సరైన ఇంటర్‌ఫేస్ ఉండాలి. గిటార్ పికప్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. దాన్ని అందుకునే పరికరం విద్యుత్ నిరోధం ఒక మెగాఓమ్ దరిదాపుల్లో ఉంటే తప్ప పై స్థాయి స్వరాల తళుకు చచ్చిపోతుంది. ఫోను మైకు మార్గం అందుకోసం చేసినది కాదు. మంచి ఇంటర్‌ఫేస్ కొంటే నాదం బాగానే వస్తుంది, కానీ వాయిస్తుండగా ఆసుపత్రి నుంచి ఫోను మోగితే అంతా ఆగిపోతుంది. నా ఉద్యోగంలో ఫోను ఎత్తకుండా ఉండటం కుదరదు, అందుకని ఆ దారి మూసుకుపోయింది.

హెడ్‌ఫోన్ యాంప్‌ల మీద మాత్రం నాకు గౌరవం ఉంది. 1982లో బోస్టన్ అనే రాక్ బృందం గిటారిస్టు టామ్ షోల్జ్ తయారుచేసిన రాక్‌మన్ నుంచి ఈ రకానికి మంచి చరిత్రే ఉంది. ఇప్పటి వాక్స్ ఆంప్లగ్ నేరుగా గిటార్ రంధ్రంలో గుచ్చుకుంటుంది, రెండు సన్న పెన్సిల్ సెల్స్ చాలు. 2021లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్ మైక్రోకు ఆ సెల్స్ కూడా అక్కర్లేదు, ఫోనులాగే ఛార్జింగ్ పెట్టుకోవడమే. జేబులో పట్టే వస్తువులోంచి అంత నాదం రావడం నిజంగా గొప్ప సంగతి. అయితే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎక్కువసేపు వాయిస్తే నాకు చెవి అలసిపోతుంది, తంబూర శ్రుతి తల లోపల మోగుతున్నట్టు అనిపిస్తుంది. గది గాలిలో శ్రుతి నిండి ఉండగా అందులోకి స్వరాన్ని కలపడంలో ఉన్న హాయి అక్కడ దొరకదు. చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడు నలుగురూ వినాలన్నా స్పీకర్ ఉండాల్సిందే.

అలా స్పీకర్ ఉన్న చిన్న యాంప్‌ల దగ్గరకు వచ్చాను. ఈ రకానికి పెద్దదిక్కు పిగ్‌నోజ్. 1973లో అమెరికాలో వచ్చింది. 5 వాట్లు, 5 అంగుళాల స్పీకర్, ఆరు పెన్సిల్ సెల్స్, ముందు ఒకే ఒక్క గుండీ. పెట్టె మడతబందుల మీద తెరుచుకుంటుంది. ఎంత తెరిస్తే నాదం అంత మారుతుంది. కేబుల్‌ను లోపలే దాచుకోవచ్చు. యాభై ఏళ్లు దాటినా ఆ ఆలోచనే ఇవాళ్టి పెట్టెలన్నిటిలోనూ కనిపిస్తుంది.

కొనేటప్పుడు అందరూ మొదట చూసేది వాట్లే. ఒక వాటు, మూడు వాట్లు, ఏడు వాట్లు అని పక్కపక్కన పెట్టి చూస్తే ఏడు వాట్లది ఏడింతలు పెద్దగా వినబడుతుందనిపిస్తుంది. చెవి లెక్క అలా ఉండదు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా వినబడాలంటే శక్తి దాదాపు పదింతలు కావాలి. లాడ్జి గదిలో ఒక వాటే ఎక్కువ. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. మెల్లగా మాట్లాడుకునే గొంతుకు అది దగ్గర. ఆ పరిమితిలో వాయించేవాడికి పెట్టె మీద రాసిన వాట్లతో పనేమిటి?

స్పీకర్ వెడల్పు మాత్రం పట్టించుకోవలసిందే. నేను ఒకటిన్నర శ్రుతికి తీగలు సవరిస్తాను, అంటే నా మంద్ర షడ్జం 69 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. మామూలు గిటార్ కింది తీగ 82 హెర్ట్‌జ్. మూడు, నాలుగు అంగుళాల స్పీకర్ ఈ మూల నాదాన్ని దాదాపు పలికించలేదు. అయినా మనకు ఆ స్వరం వినబడుతుంది, ఎందుకంటే దాని పై అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) 138, 207 హెర్ట్‌జ్ దగ్గర స్పష్టంగా ఉంటే మెదడు లేని మూలాన్ని తానే పూరించుకుంటుంది. కాబట్టి చిన్న స్పీకర్ నుంచి బేస్ ఆశించడం కంటే ఆ అనుస్వరాలు గందరగోళం లేకుండా వస్తున్నాయా అని వినాలి. మరో సంగతి కూడా ఉంది. శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి ముందుగా దూరమయ్యేవి మంద్ర స్వరాలు. దీన్ని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. పెద్ద శబ్దంలో నిండుగా ఉన్న పెట్టె, తగ్గించగానే పీలగా అనిపించడానికి కారణం ఇదే. అందుకని బేస్ (కింది స్వరాలు), మిడిల్ (నడిమివి), ట్రెబుల్ (పైవి) మూడింటికీ వేర్వేరు గుండీలు ఉన్న పెట్టె కావాలని తీర్మానించుకున్నాను. నాదాన్ని సవరించడానికి ఒకటే గుండీ ఉన్నవి ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టాను.

కరెంటు విషయం నా వృత్తికి దగ్గరిది కాబట్టి దాని మీద ఎక్కువ సమయం పెట్టాను. లోపలే లిథియం బ్యాటరీ ఉండి ఛార్జింగ్ పెట్టుకునేవి ఒక రకం. పాజిటివ్ గ్రిడ్ స్పార్క్ గో అలాంటిది, 350 గ్రాములైనా లేదు, 5 వాట్లు. యమహా టీహెచ్ఆర్10 రెండో తరం వైర్‌లెస్‌లో కూడా లోపలే బ్యాటరీ ఉంటుంది. రెండు స్పీకర్లతో దాని నాదం విశాలంగా ఉంటుంది, కానీ బరువు సుమారు మూడు కిలోలు. రెండో రకం పెన్సిల్ సెల్స్‌తో నడిచేవి. నేను రెండో రకం వైపే మొగ్గాను. లోపలి బ్యాటరీ నాలుగైదేళ్లకు నీరసిస్తే దాన్ని మార్చడం మామూలు మనిషి వల్ల కాదు. పెన్సిల్ సెల్స్ అయితే ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి.

దొరికిన సెల్ అల్లా పనికిరాదన్నది కూడా చెప్పాలి. గోడ గడియారాలకు, రిమోట్లకు వేసే చవక రకం జింక్ కార్బన్ సెల్స్ యాంప్‌కు కావలసినంత కరెంటు ఇవ్వలేవు. కాసేపటికే స్వరం చీలిపోయి బొంగురుపోతుంది, యాంప్ పాడైందేమోనని భయపడతాం. సెల్ మీద ఆల్కలైన్ అని రాసి ఉండాలి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు నేను వేసుకునేవి ఛార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్. అవి ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఆరు కలిస్తే 7.2. ఆల్కలైన్ అయితే 9 వోల్టులు. ఆ తేడా వల్ల బాగా పెంచినప్పుడు కాస్త ముందుగా చీలుతుంది. నేను వాయించే స్థాయిలో తేడా లేదు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని హైదరాబాదులో ఒక సంగీత పరికరాల దుకాణానికి వెళ్లాను. నా గిటార్, నా కేబుల్, ఫోను, హెడ్‌ఫోన్ పట్టుకెళ్లాను. దుకాణం గిటార్ మీద వినే నాదం మనది కాదు, దాని పికప్‌లు వేరు, తీగలు వేరు. మధ్యాహ్నం భోజనాల వేళ అయితే రద్దీ ఉండదు. వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చుంటానంటే యజమాని సరేనన్నాడు. అక్కడి కుర్రాడు పెట్టెలు ఒక్కొక్కటే తెచ్చి పెడుతూ, "సార్, ఫుల్‌గా పెంచి చూడండి, అప్పుడే దీని సత్తా తెలుస్తుంది" అన్నాడు.

"తగ్గించి చూడాలి బాబూ. నేను వాయించేది రాత్రిపూట" అన్నాను. అతనికి మొదట అర్థం కాలేదు, కానీ తర్వాత కుర్చీ లాక్కుని తనూ వినడం మొదలుపెట్టాడు.

మొదటి పరీక్షలో తీగ ముట్టుకోను. నేను వాడే స్థాయిలో పెట్టి, ఊరికే వింటాను. బుస వస్తుందా, ఈలలాంటిది వస్తుందా? తర్వాత శబ్దం గుండీని సున్నా నుంచి వెంట్రుకవాసి చొప్పున తిప్పుతాను. కొన్నిటిలో నిశ్శబ్దం నుంచి ఒక్కసారిగా పెద్ద శబ్దంలోకి దూకింది, మధ్యలో మెట్టే లేదు. రాత్రి వాయించే మనిషికి కావలసినదంతా ఆ మధ్య మెట్టులోనే ఉంటుంది. అలాంటి పెట్టెను ఆ క్షణమే తిరిగి ఇచ్చేశాను, మిగతా గుణాలు ఎన్ని ఉన్నా సరే.

తర్వాత తోడి రాగం. గాంధారం మీద మెల్లగా కంపితం వాయించి, స్వరం కదిలే దారి అంతా వినబడుతోందా, రెండు కొసలు మాత్రమే వినబడుతున్నాయా అని చూశాను. ఆ తర్వాత మంద్ర షడ్జాన్ని ఒక్కసారి మీటి చేతులు తీసేసి, అది పూర్తిగా అణిగిపోయేదాకా విన్నాను. అసలు రహస్యం ఇక్కడే బయటపడింది. ఒక డిజిటల్ యాంప్‌లో షడ్జం చక్కగా మోగి, సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ ఉండగా చటుక్కున మాయమైంది, పాట ముగియకముందే ఎవరో తలుపు మూసినట్టు. బుస వినబడకుండా ఉండేందుకు లోపల పెట్టిన నాయిస్ గేట్ చేసిన పని అది. సంకేతం ఒక స్థాయి కంటే తగ్గగానే దాన్ని రొదగా లెక్కవేసి కోసేస్తుంది. రాక్ సంగీతం వాయించేవాళ్లకు ఇది మేలే చేస్తుంది. మనకు గమకం ఊపిరి అంతా ఆ చివరి సన్నటి నాదంలోనే ఉంటుంది. కుర్రాడికి అదే స్వరం మరోసారి మీటి వినిపించాను. "అవును సార్, ఆగిపోతోంది!" అన్నాడు. ఆ తర్వాత తెచ్చిన ప్రతి పెట్టెకూ ఆ పరీక్ష తనే అడిగి చేయించాడు.

తంబూర పరీక్ష తర్వాతది. ఫోనును తీగతో కలిపి శ్రుతి పెట్టి, దాని మీద గిటార్ వాయించాను. ఒకే చిన్న స్పీకర్ రెండింటినీ మోయాలి కాబట్టి కొన్నిటిలో తంబూర పెరిగితే గిటార్ మసకబారింది. చాలా చిన్న యాంప్‌లలో బయటి నుంచి కలిపిన శబ్దానికి వేరే గుండీ ఉండదు, ఫోనులోనే సవరించుకోవాలి. అది పెద్ద ఇబ్బంది కాదు, కానీ శ్రుతి వెనక నిలబడి స్వరం ముందుకు రావాలి. ఇది వాయించి వింటే తప్ప తెలియదు. పెట్టె మీద రాసిన ఏ అంకె చూసినా తెలియదు.

ఇక యంత్రాలు బాగుచేసేవాడి చూపు ఒకటి ఉంటుంది కదా. కేబుల్ గుచ్చే రంధ్రం చుట్టూ లోహపు నట్టు ఉండి పలకకు బిగించి ఉందా, లేక లోపలి సర్క్యూట్ బోర్డు మీద అతికించిన ప్లాస్టిక్ ముక్క మాత్రమేనా అని చూశాను. రెండో రకం అయితే కేబుల్ అటూ ఇటూ కదిలినప్పుడల్లా బరువంతా టంకం మీద పడుతుంది, కొన్నాళ్లకు గరగర మొదలవుతుంది. సెల్స్ మూత తీసి చూశాను. స్ప్రింగులు బిగువుగా ఉన్నాయా, మూత పోతే సెల్స్ జారిపడతాయా? మంద్రంలో గట్టిగా మీటినప్పుడు పెట్టె ఏ మూలైనా గడగడలాడుతోందా అని అరచేయి ఆనించి చూశాను. ప్రయాణంలో వదులయ్యే మొదటి మర ఎక్కడుందో ఆ చేయి చెబుతుంది.

చివరికి రెండు మిగిలాయి, రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్, బాస్ కటానా మినీ. మైక్రో క్యూబ్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. 3 వాట్లు, 5 అంగుళాల స్పీకర్, ఆరు పెన్సిల్ సెల్స్ మీద 25 గంటల దాకా నడుస్తుందని కంపెనీ చెబుతుంది. శ్రుతి చూసుకునే ట్యూనర్ లోపలే ఉంది. బరువు 2.7 కిలోలు. కారులో తిరిగేవాళ్లకు, ఇంట్లో గది నుంచి గదికి మార్చుకునేవాళ్లకు అంతకంటే మంచిది చెప్పలేను. కటానా మినీ 1.2 కిలోలు. 7 వాట్లు, 4 అంగుళాల స్పీకర్, ఆరు పెన్సిల్ సెల్స్ మీద సుమారు 7 గంటలు. ట్యూనర్ లేదు, హాలులో వాయించినట్టు నాదాన్ని నిలిపే రెవర్బ్ లేదు. కానీ బేస్, మిడిల్, ట్రెబుల్ మూడూ విడివిడిగా ఉన్నాయి, స్వరాన్ని ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే పాత టేపు తరహా డిలే ఉంది. మంద్ర షడ్జం అందులో తనంతట తానే అణిగింది, ఎవరూ కోయలేదు. కంపితం మధ్యదారి అంతా వినబడింది. ట్యూనర్ ఫోనులో ఉండనే ఉంది. కటానా మినీ తీసుకున్నాను.

అడాప్టర్ విడిగా కొన్నాను. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ తరహా పరికరాల్లో పిన్ను మధ్యలో నెగటివ్ ఉండేవి ఉన్నాయి, పాజిటివ్ ఉండేవీ ఉన్నాయి. వోల్టులు కూడా ఒకటి కాదు. బాస్ వాళ్లది 9 వోల్టులు, మధ్యలో నెగటివ్. బ్లాక్‌స్టార్ ఫ్లై 3 అనే మరో మంచి చిన్న యాంప్‌కు 6.5 వోల్టులు కావాలి. పిన్ను పట్టింది కదా అని చేతికందిన అడాప్టర్ గుచ్చితే పరికరం కాలిపోవచ్చు. అడాప్టర్ మీద చిన్న గుండ్రటి బొమ్మ, ప్లస్ మైనస్ గుర్తులు ఉంటాయి. భూతద్దం పెట్టుకునైనా వాటిని చదవాలి.

లాడ్జిల్లో అయితే నేను అడాప్టర్ వాడేది తక్కువ. చాలాచోట్ల సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ ఉండదు. మీటర్ పెట్టి చూడటం నాకు వృత్తి అలవాటు. అలాంటి చోట అడాప్టర్ మీద నడిపితే వెనక నుంచి సన్నటి రొద వస్తుంది, సెల్స్ మీద నడిపితే అది పోతుంది. ట్యూబ్‌లైటు చోక్, ఫ్యాను రెగ్యులేటర్, గోడలోని వైర్ల నుంచి పికప్ నేరుగా అందుకునే గుంయ్ శబ్దం మాత్రం సెల్స్‌తో పోదు. దానికి మందు కుర్చీ తిప్పుకోవడమే. గిటార్ ముఖాన్ని మెల్లగా గది చుట్టూ తిప్పుతూ ఉంటే ఒక దిక్కున ఆ శబ్దం చెప్పుకోదగినంత తగ్గుతుంది. ఏ కొత్త గదిలోనైనా నేను మొదట చేసేది ఆ దిక్కు వెతుక్కోవడం, తర్వాతే శ్రుతి.

యాంప్‌ను ఎక్కడ పెడతామన్నదీ నాదాన్ని మారుస్తుంది. మంచం మీద పెడితే పరుపుకు శబ్దం అణిగిపోతుంది. ఇనుప బీరువా మీద పెడితే మంద్రంలో బీరువా తలుపే మోగుతుంది. గది మూలన, చెక్క బల్ల మీద, రెండు గోడలకు దగ్గరగా పెడితే నాలుగు అంగుళాల స్పీకర్‌కు కూడా మంద్రం బలపడుతుంది, ఎందుకంటే గోడలు కింది స్వరాలను గదిలోకే తిప్పి పంపుతాయి. రాత్రిపూట బేస్ కొంచెం పెంచుతాను, సంకేతాన్ని పెంచే గెయిన్ గుండీ తక్కువ, స్వరం చీలని క్లీన్ మీదే ఉంచుతాను, డిలే వినీవినబడనంత. ఒంగోలులో ఒక రాత్రి ఇలా వాయించుకుంటూ ఉండగా తలుపు చప్పుడైంది. ఫిర్యాదేమో అనుకున్నాను. పక్కగదిలో దిగిన పెద్దాయన. "నాయనా, కల్యాణి వాయిస్తున్నావు కదా, తలుపు కాస్త తీసి ఉంచు" అన్నారు.

రైల్లో స్పీకర్ మీద వాయించను. పై బెర్తు మీద కూర్చుని హెడ్‌ఫోన్‌తో వాయించుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. హెడ్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్ ఆగిపోతుంది. రాత్రి 10 తర్వాత రైల్లో హెడ్‌ఫోన్ లేకుండా పాటలు పెట్టకూడదని రైల్వే 2022లో గట్టిగా చెప్పింది కూడా. విమానంలో అయితే యాంప్‌ను నా చేతిసంచిలోనే ఉంచుకుంటాను. తనిఖీ దగ్గర సెల్స్ తీసి వేరే డబ్బాలో పెట్టి చూపిస్తే మాటలు తక్కువ పడతాయి. లిథియం బ్యాటరీ ఉన్న యాంప్ అయినా, విడి పవర్ బ్యాంక్ అయినా 100 వాట్ అవర్స్ లోపు ఉంటే చిక్కు లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 74 వాట్ అవర్స్, కాబట్టి పరవాలేదు. పవర్ బ్యాంక్‌ను మాత్రం చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు, వెంటే ఉంచుకోవాలి.

దీని హద్దులూ చూశాను. భీమవరంలో అత్తయ్య ఇంట్లో హాలులో పదిమంది కూర్చుంటే వెనక వరుసకు కూడా స్పష్టంగా వినబడింది. "ఈ డబ్బాలోంచేనా అబ్బాయ్ ఇంత నాదం?" అని అత్తయ్య చేత్తో తడిమి చూసింది. అదే సాయంత్రం పెరట్లోకి మారి, బంధువుల కుర్రాడు మృదంగం అందుకునేసరికి గిటార్ సగం వినబడలేదు. గోడలు లేని చోట నాలుగు అంగుళాల స్పీకర్ చేయగలిగింది అంతే. ఆరుబయట, మృదంగంతో వాయించాలంటే హెడ్‌ఫోన్ మార్గం నుంచి మిక్సర్‌కు కలపాలి, లేదా రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ లాంటి రెండు స్పీకర్ల పెట్టె తీసుకోవాలి. అది అయిదు కిలోల పైమాట, నా సంచికి సరిపడదు.

నెలరోజులకు పైగా ప్రయాణం లేదని తెలిస్తే సెల్స్ తీసేసి పెడతాను. ఆల్కలైన్ సెల్స్ కారితే స్ప్రింగులు తుప్పుపట్టిపోతాయి. ఆసుపత్రుల్లో రక్తపోటు యంత్రాలు ఇలా పాడవడం నేను చూస్తూనే ఉంటాను.

ఈ మధ్య డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, నువ్వు తీసుకున్నదే నేనూ తీసుకోనా?" అని అడిగాడు. వాడు వాయించేది సినిమా పాటలు, పిల్లలు పడుకున్నాక, అపార్ట్‌మెంటులో. ఎప్పుడూ హెడ్‌ఫోన్‌తోనే అన్నాడు. అయితే స్పీకర్ బరువు మోయడం దేనికిరా, గిటార్‌కు నేరుగా గుచ్చుకునే రకమే చూడమన్నాను. సంక్రాంతికి ఇక్కడికి వచ్చేటప్పుడు కూడా తెచ్చుకుంటానన్నాడు. అక్కడ 120 వోల్టులు, మనకు 230. ఛార్జర్ మీద 100 నుంచి 240 అని ఉందో లేదో చదివి చెప్పమంటే, ఫోను పెట్టకుండానే వెళ్లి చూసి వచ్చి, ఉందన్నాడు.